ఇరవై ఒకటో మనిషి

ఆ ఉయ్యాల మీంచి కాలు తియ్యి. నీకే చెప్పేది, సిపాయీ! బూటుకాలితో ఊపుతావా పసివాణ్ణి? వాడేమన్నా నీ ఫిరంగిబండి చక్రమా?

ఏడిస్తే ఏడవనీ. ఒక్క ఏడుపుకి ఎవరూ చావరు. మీరొచ్చి పదకొండు రోజులైంది, నేను ఏడవట్లేదూ? నన్నెవరన్నా ఊపారా?

పదకొండు రోజులు! ఒంటరి ముసలిదాని ఇంట్లో ఆరుగురు సిపాయిలు! పొగగూట్లో పందిమాంసం మూడు పెద్ద పలకలు వేలాడేది. ఇవాళ చూస్తే మేకులున్నాయి. రొట్టె మీది, జావ మీది, పరుపులు మీవి. నా పెళ్ళినాటి పింగాణీ గిన్నెలో మీ సార్జెంటు గడ్డం గీసుకుంటాడు! అదేమిటయ్యా అంటే, "ఇంట్లో ప్రార్థన కూటాలు పెట్టనని ఒక్క సంతకం పారెయ్యి ముసలమ్మా, సాయంత్రానికల్లా పోతాం" అంటాడు. నా చెయ్యి విరిగినా పెట్టను. తినండి. గడ్డివాము కూడా తినండి.

నువ్వు కాస్త నయం. అంటే, నీ మంచితనం కాదులే, కాలు బొబ్బలెక్కి మూలన పడ్డావు గనక నయం. లేకపోతే నువ్వూ వాళ్ళతోపాటు సారా కొట్లో ఉండేవాడివి. నీ పేరేమిటన్నావు? సెర్వాస్. ఊఁ. మా వైపు కుక్కలకి కూడా పెట్టరు అలాంటి పేరు.

అడగదల్చుకున్నది అడుగు. పొద్దుటి నుంచీ వాడి వంకా నా వంకా చూస్తున్నావు.

ఏమన్నావు? మళ్ళీ అను.

ఓహో. సారా కొట్టుదాకా పోయిందా ఈ కథ!

ఊళ్ళోవాళ్ళేమో ముసల్ది కోడల్ని మంచులోకి గెంటేసిందంటారు. మా సంఘంవాళ్ళేమో ఆ పిల్లే జనం ఊపిర్లకి తట్టుకోలేక బయటికి పోయిందంటారు. నీకు ఏది కావాలి? ఏది చెప్తే మీ సార్జెంటు మెచ్చుకుంటాడు?

నాకు తెలీదనుకున్నావా, ఆయన నీకేం చెప్పి పోయాడో? మధ్యాహ్నం పన్నెండుకి వెసెల్ వస్తాడు, మేయరుగారి కాగితం పట్టుకుని. వీడి అమ్మ తండ్రి. తాతకి బిడ్డనప్పగించమని కాగితం. ముసల్ది తలుపు తియ్యకపోతే నువ్వు తియ్యాలి. అవునా, కాదా? అదీ సంగతి. మొహం అలా దించుకోకు, ఆడపిల్లలా.

గడియారం చూడు. పదకొండు దాటి పావుగంట. కూర్చో. తలుపు తీసే చెయ్యి నీదైనప్పుడు సంగతి కూడా నీకు తెలియాలి.

మీ దక్షిణాదివాళ్ళకి మా గొడవ ఏం తెలుస్తుందిలే. మీ మెడలో జపమాల పూసలు, మీ మరియమ్మ, మీ దారి మీది. మిమ్మల్ని ఎవడూ ముట్టుకోడు. రాజుగారి కంట్లో నలుసులం మేమే. మేం చేసిన నేరమేమిటి? రాజుగారి చర్చి మాకొద్దన్నాం. రాజు రాసిన చట్టాలు, రాజు జీతమిచ్చే ప్రసంగీకులు, మొన్న మొన్న మనుషులు కట్టిన పాటలు! దావీదు కీర్తనలు చాలవూ? దేవుని వాక్యం చాలదూ? కాగితం మీద సంతకాలు పెట్టి బయటికొచ్చేశాం, మా ఊళ్ళో ముప్పై ఏడు గడపలు. రాజుగారికి అంత కోపం దేనికి చెప్పు? మేం ఆయన కోడిని దొంగిలించామా?

అప్పుడు తీశారు ఒక పాత చట్టం. ఇరవైమందికి మించి ఒక కప్పు కింద కూడకూడదు. ఇరవై ఒకటో తల కనిపించిందా, జరిమానా. కట్టకపోతే ఆవుని తోలుకుపోయి నా గుమ్మం ముందే వేలం వేస్తారు. అయినా బుద్ధి రాకపోతే మీరు దిగుతారు. దాంట్లో ఇంకో ముక్క కూడా ఉంది, దానికి తర్వాత వస్తాను.

ఇంకేముంది, ఇరవై. మాకు వాక్యం చెప్పే అయ్యగారు ఆరు వారాలకోసారి, పోలీసుల కళ్ళుగప్పి, గడ్డిబండిలో పడుకుని వచ్చేవారు. వినాలని వచ్చేది వందమంది. లోపలికి ఇరవై.

ఆ ఇరవైమందీ ఎవరో చెప్పేదెవరు? నేను. ఇల్లు నాది, గుమ్మం నాది. గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టేదాన్ని. అబ్బో, ఎన్ని విన్నపాలు వినేదాన్నో ఆ గుమ్మంలో! ఒకావిడ కొంగుచాటున వెన్నముద్ద తెచ్చేది. పొలం గట్టు కోసం మా ఆయన్ని కొట్టినవాడు టోపీ చేత్తో పట్టుకుని, "యాంతీన్ అమ్మా, నా ఆత్మ ఎండిపోతోందమ్మా" అనేవాడు. ఎండిపోనీ, బయట వాన పడుతోందిగా, తడుపుకో అన్నాను. మిగతావాళ్ళు గోడ బయట, కిటికీల కింద నిలబడి వినేవాళ్ళు. బయటివాళ్ళు చట్టానికి దారినపోయేవాళ్ళతో సమానం.

నవ్వుతున్నావా? నవ్వు. నాకూ బాగుండేది, అబద్ధమెందుకు.

హిల్లె నా కోడలు. పక్క ఊళ్ళో రాజుగారి చర్చిలో గంట కొట్టే వెసెల్ కూతురు. దాన్నే చేసుకుంటానని మా అబ్బాయి బెరెంద్ అన్ననాడు మూడురోజులు నేను ముద్ద ముట్టలేదు. వాడు చేసుకున్నాడు. ఆ పిల్ల మావైపుకి వచ్చింది, సంతకం పెట్టింది, అంతా బాగానే ఉంది. కానీ ఏ గూటి చిలక ఆ గూటి పలుకే పలుకుతుంది. ఒకరోజు ఆవుకి పాలు పితుకుతూ ఆ చర్చి పాట పాడుతోంది. నేనేం అనలేదు. అలా నిలబడి చూశాను, అంతే. మళ్ళీ ఈ ఇంట్లో ఆ పిల్ల నోట ఏ పాటా వినలేదు.

నోట్లో నాలుక లేని పిల్ల. అలాంటివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. కొడితే తిరగబడేవాళ్ళతో నాకు పేచీ లేదు.

పోయిన వేసవిలో బెరెంద్‌ని జైల్లో వేశారు, కూటం పెట్టినందుకు. ఉండనీ, అపొస్తలులు ఉండలేదా అన్నాను. ఈ మహాతల్లి ఏం చేసిందో తెలుసా? నాకు చెప్పకుండా వాళ్ళ నాన్న దగ్గరికి పోయింది. ఆ గంటలవాడు పోయి మేయరు కాళ్ళమీద పడ్డాడు. మేయరు ఒక కాగితమిచ్చాడు. ఇక మీదట కూటాలకి పోనని రాసిచ్చేస్తే వదిలేస్తారట. నాలుగు నెలల కడుపుతో పెళ్ళాం కటకటాల బయట నిలబడి ఏడుస్తుంటే మగాడన్నవాడు ఏం చేస్తాడు? పెట్టేశాడు సంతకం.

నా కొడుకు! వాళ్ళ నాన్న హార్మ్ ఒంటిమీద రాళ్ళు పడుతున్నా కీర్తన ఆపని మనిషి. ఆయన కొడుకు సంతకం పెట్టొచ్చాడు.

నేను వాడితో మాట్లాడలేదు. ఎన్నాళ్ళంటావా? జైల్లో పట్టిన దగ్గు వాణ్ణి అక్టోబరులో తీసుకుపోయేదాకా. ఆఖరి రోజున, "అమ్మా" అన్నాడు. నేను రొట్టె పిండి కలుపుతున్నాను. చేతులు కడుక్కుని వెళ్దామనుకున్నాను. కడుక్కునేసరికి అయిపోయింది.

అలా చూడకు. నీ జాలి నాకొద్దు, నువ్వు నా పందిమాంసం తిన్నవాడివి.

ఇదంతా ఎవరివల్ల? చెప్పు, ఎవరివల్ల? ఆ పిల్ల ఏడవకపోతే వాడు సంతకం పెట్టేవాడా? పెట్టకపోతే కనీసం తలెత్తుకు చచ్చేవాడు, నా చేతి ముద్ద తిని చచ్చేవాడు.

పురిటికి పుట్టింటికి పో అన్నాను. మా ఊళ్ళో మంత్రసాని లేదని చెప్పాను. ఉంది. రెండిళ్ళవతలే ఉంది. పెట్టె ఇక్కడే ఉంచి, తన మంచం మీద దుప్పటి మడతపెట్టి, "నెల తిరక్కుండా వచ్చేస్తాను అత్తయ్యా" అని పోయింది.

మగపిల్లాడు పుట్టాడని కబురొచ్చింది. ఇక నాకు నిద్ర లేదు. ఆ గంటలవాడి ఇంటికీ ఆ చర్చికీ మధ్య పది అంగలు. అక్కడ బాప్తిస్మం నీళ్ళు వెచ్చబెట్టి పోస్తారట, విన్నావా? నా మొగుడి వంశాన్ని వెచ్చటి నీళ్ళతో రాజుగారికి అప్పగించేస్తారు, అంతే కదా! కబురు పెట్టాను, ఆ నీళ్ళు వాడి నెత్తిన పడితే నా గడప తొక్కొద్దని. బదులేం వచ్చిందో తెలుసా? "అయ్యగారు వచ్చే తేదీ చెప్పించండి అత్తయ్యా, నేనే తెస్తాను. బాబు నాన్న కోరిక కూడా అదే."

తెచ్చింది. జనవరిలో. మూడు వారాల పచ్చి బాలింత. వానా మంచూ కలిసి సూదుల్లా పడుతున్న రోజు. వాళ్ళ నాన్న వద్దని తలుపుకి అడ్డం నిలబడ్డాడట. గంటన్నర నడిచొచ్చింది, పిల్లాణ్ణి శాలువాలో చుట్టి గుండెలకి కట్టుకుని. ఆ వాతావరణానికి కిటికీ కింద నిలబడే వెధవ ఒక్కడు కూడా లేడు ఆరోజు, అందరూ ఇళ్ళకి పోయారు. కావలివాడు కూడా రాలేదు. కావలివాడంటే కిటికీలోంచి మా తలలు లెక్కపెట్టి మేయరుకి మోసేవాడు. వాడే రాలేదు, మంచుకి జడిసి.

లోపల పంతొమ్మిదిమంది కూర్చున్నారు. ఒక్కొక్కరి కాళ్ళకింద నిప్పుల పెట్టె, వెచ్చగా. అయ్యగారు లోపలి గదిలో ప్రార్థనలో ఉన్నారు. నేను గుమ్మంలో.

"ఎంతమంది?" అన్నాను.

నవ్వింది. "ఇద్దరం అత్తయ్యా. నేనూ, బాబూ." ఆ శాలువా కొంచెం తీసి చూపించింది కూడా.

వాడి మొహం మా ఆయన మొహం. ఈ ముక్కు, ఈ గడ్డం. ఇంకో గంటలో బాప్తిస్మం అయిపోతుంది, ఆ పిల్ల మళ్ళీ వాడిని గుండెలకి కట్టుకుని ఆ గంటలవాడి ఇంటికి పోతుంది. వెచ్చబడేదాకా అక్కడే ఉంచుతానన్నాడట. ఎండాకాలం దాకా. అప్పటికి వాడికి ఎవరి మొహం గుర్తుంటుంది? నాదా?

"పంతొమ్మిదీ ఇద్దరూ ఇరవై ఒకటి," అన్నాను.

"బాబు కూడానా అత్తయ్యా?"

"వాడికి తల లేదా? ఆత్మ లేదా? ఆత్మ లేనివాడికి బాప్తిస్మమెందుకు?" అన్నాను.

చూడు, ఎంత చక్కటి మాటో! వెనక నుంచి ఎవరో "ఆమేన్" అన్నారు కూడా. మావాళ్ళు అంతే. సిద్ధాంతంలో తప్పు లేకపోతే ఇక దేంట్లోనూ తప్పు లేదు.

మా సంఘ పెద్ద రూలోఫ్ నోరు తెరిచాడు. "యాంతీన్, ఆ అమ్మాయి మరి ఈ ఇంటి..." అన్నాడు. "ఏం రూలోఫ్, నువ్వు లేచి చోటిస్తావా?" అన్నాను. ఆయన తన నిప్పుల పెట్టె వంక చూసుకున్నాడు. ఇక తల ఎత్తలేదు.

చేతులు చాచాను. ఇచ్చింది. శాలువాతోసహా తీసుకున్నాను. అది ఆ పిల్ల శాలువా, పైన కప్పుకోడానికి ఇంకోటి లేదు. అడగలేదు. వాడికి చలేస్తుందనుకుంది కాబోలు. "పాలు ఇప్పుడే తాగాడు అత్తయ్యా, ఏడవడు," అంది. బయటికి నడిచింది. తలుపు నేనే వేశాను.

ఊఁ. నువ్వు తిన్నది అరగట్లేదా, మొహం అలా పెట్టావు? ఇంకా ఉంది.

అయ్యగారు వచ్చారు. బాప్తిస్మానికి నిలబెట్టి, "తల్లి ఏది?" అన్నారు. "లేవలేని బాలింతండీ, పుట్టింట్లో ఉంది," అన్నాను. అందరి ముందూ. దేవుని సన్నిధిలో, పరిశుద్ధ సంస్కారం మధ్యలో. పంతొమ్మిదిమంది విన్నారు. ఒక్కడికీ దగ్గు రాలేదు.

చన్నీళ్ళు పడ్డాయి. హార్మ్ అని పేరు పెట్టాం. వీడు అరిచాడు చూడూ, గొడ్లు బెదిరాయి. ఆ అరుపు విని వచ్చింది ఆ పిల్ల కిటికీ దగ్గరికి. పాలు చేపుకొచ్చి ఉంటాయి, రవికె ముందు భాగమంతా తడి. గాజుకి మొహం ఆనించి చూసింది. నన్ను చూసి నవ్వింది. నవ్వింది, సెర్వాస్! పెదాలతో అడిగింది: "పేరేం పెట్టారు?"

నేను లేచి కిటికీ చెక్కతలుపు వేసేశాను. గాలొస్తోంది కదా అన్నట్టు.

ప్రసంగం మూడు గంటలు. యోబు గ్రంథం. చాలా బాగా చెప్పారు.

తర్వాత తలుపు తీస్తే పీటు కొట్టంలో కూర్చుని ఉంది, పొయ్యిలోకి ఎండబెట్టిన పీటు మట్టిగడ్డల మీద. పావడా అంచు గడ్డకట్టి రేకులా చప్పుడవుతోంది. మధ్యలో రెండుసార్లు పిలిచాను, రానంది అని అందరికీ చెప్పాను. అదే మా సంఘంవాళ్ళు ఇప్పుడు చెప్పుకునేది. నమ్మారనుకున్నావా? నమ్మడం వాళ్ళకి చవక.

ఇప్పుడు ఆ చట్టంలో ఇంకో ముక్క. విను. ఇరవైమందికి మించకూడదు, సరే. ఆ ఇంట్లో కాపురముండేవాళ్ళు మాత్రం ఆ లెక్కలోకి రారు.

అర్థమైందా? రాజుగారే రాశాడు. మా మీద పగబట్టి, మా గొడ్ల మీద పగబట్టి రాసిన చట్టంలో కూడా ఇంటి మనిషిని ఇంట్లోంచి పొమ్మనలేదు. హిల్లె పెట్టె నా అటక మీదుంది. ఆ పిల్ల చెక్క చెప్పులు వెనక తలుపు దగ్గరున్నాయి. ఆ పిల్ల దుప్పటి తన మంచం మీద మడతపెట్టి ఉంది. నన్ను లెక్కపెట్టుకున్నానా? లేదు. అప్పుడున్న పనిమనిషిని? లేదు. మరి నా కొడుకు పెళ్ళాన్నీ, నా కొడుకు కొడుకునీ ఎందుకు లెక్కపెట్టాను?

అది గదిలో అందరికీ తెలుసు. రూలోఫ్ నోరు తెరిచింది అది చెప్పడానికే. ఆ ముక్క కోసం కోర్టులో ఎన్నిసార్లు వాదించాం, మావాళ్ళలో పాలుతాగే పిల్లలకి కూడా కంఠతా వచ్చు! తెలియనిది ఆ పిల్లకి ఒక్కదానికే. గంటలవాడి ఇంట్లో పెరిగింది, మా చట్టాలు దానికెవరు చెప్పారు? అత్తయ్య లెక్కపెట్టిందంటే లెక్కే అనుకుంది.

నీకెందుకు చెప్తున్నానంటావా? ఇంకెవరికి చెప్పను? మాలో పాపం ఒప్పుకోవాలంటే సంఘ పెద్దల ముందు నిలబడాలి. ఆ పెద్దలు ఆరోజు కాళ్ళు కాచుకుంటూ కూర్చునే ఉన్నారు. నువ్వు రేపో ఎల్లుండో పోతావు. పోయి చెప్పు ఎవరికైనా. పూసలవాడి సాక్ష్యం ఈ జిల్లాలో ఎవడు నమ్ముతాడు?

తొమ్మిది రోజులు బతికింది. జ్వరం. సేవ నేనే చేశాను, ఎవరూ వేలెత్తి చూపలేరు. జావ కాచి పోశాను, పక్కబట్టలు మార్చాను, నుదుట తడిగుడ్డ వేశాను. పాలు ఆగిపోయాయి. అప్పటి నుంచీ రూలోఫ్ కూతురు రోజుకి నాలుగుసార్లు వచ్చి వీడికి పాలిచ్చి పోతోంది. వాళ్ళ నాన్న పంపిస్తాడు, నేనడగలేదు. ఆయన బాకీ ఆయన తీర్చుకుంటున్నాడు.

నాలుగోరోజున వెసెల్ వచ్చాడు. నేను తలుపు తియ్యలేదు. జ్వరం అంటుకుంటుంది పో అన్నాను. రెండు గంటలు నిలబడ్డాడు బయట. పేరు పెట్టి పిలిచాడు కూతుర్ని. లోపలికి వినపడింది. "మా నాన్నలా ఉంది గొంతు," అంది. కల కన్నావులే, పడుకో అన్నాను.

అదుగో, కుక్క మొరుగుతోంది. వస్తున్నట్టున్నాడు. ఇంకా పావుగంట ఉంది, ముందే వచ్చాడు. గంటలు కొట్టేవాడు కదా, ఆలస్యం చెయ్యడు.

తీసుకుపోనీ. నేనేం అడ్డం పడను. నాకు ఓపిక లేదు. వీడి నెత్తిన పడ్డ నీళ్ళు మాత్రం వాడూ తుడవలేడు, మేయరూ తుడవలేడు. నాకది చాలు. చాలదులే. చాలదు గానీ, ఏం చెయ్యను?

ఆయన ఒకటి అడుగుతాడు. ఏ తండ్రైనా అడుగుతాడు. నా కూతురు ఆఖరికి ఏమంది అని. నిద్రలోనే పోయింది, ఏమీ అనలేదు అని చెప్తాను. నువ్వు పక్కన నిలబడి నోరు మూసుకో.

అంది. తొమ్మిదోరోజు పొద్దున్నే నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కుంపటిలా కాలుతోంది. ఏమందో చెప్పనా?

"అత్తయ్యా, బాబుని కూడా లెక్కపెడతారని నాకు తెలీదు. తెలిసుంటే చీకటితోనే బయల్దేరి అందరికంటే ముందొచ్చేదాన్ని. అందరి ముందూ మీ చేత అంత మాట అనిపించాను. నన్ను క్షమించండి."

ఒక్క ముక్క చాలు, సెర్వాస్. నువ్వు లెక్కలోకే రావు పిచ్చిదానా, నువ్వు ఈ ఇంటి మనిషివి. అంతే. నోటిదాకా వచ్చింది. దేవుడు అంత సమయం కూడా ఇచ్చాడు నాకు, మధ్యాహ్నం దాకా ఊపిరుంది ఆ పిల్లకి.

నేనేమన్నానో తెలుసా?

"సరేలే, ఈసారికి క్షమించాను," అన్నాను.

నా చెయ్యి ముద్దుపెట్టుకుంది. తలుపు కొడుతున్నాడు, లేచి తియ్యి.